వెచ్చని కుండ

క్లూనమోర్,
12 జనవరి 1958

విన్నీ అక్కకు,

నా చేతిరాతకూ తప్పులకూ ముందే క్షమించు. నాలుగో తరగతితో నా చదువు ఆగిపోయిందని నీకు తెలుసు. పైగా అత్తగారు చర్చి నుంచి తిరిగి వచ్చేలోగా ఇది ముగించాలి. ఆవిడ చూస్తుండగా కలం పట్టుకుంటే నా వేళ్ళు బిగుసుకుపోతాయి.

నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు అందాయి. అత్తగారు నాకంటే ముందే తొడుక్కుని చూసి, అవి తనకే సరిపోయాయని తేల్చేశారు.

అసలు సంగతికి వస్తాను. కోరీ వాళ్ళ పబ్బులో శనివారం శనివారం వాయించే మన వాళ్ళ సంగీతాన్ని డబ్లిన్ రేడియో వాళ్ళు వచ్చి టేపు మీద పట్టుకుపోయారని రాశాను కదా. పోయిన శనివారం సాయంత్రం దాన్ని వేశారు. పక్కింటి రేడియో ముందు ఊరు ఊరంతా చేరింది. మా ఆయన ఫ్లూటు వినిపించినప్పుడు సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. తరవాత మలాకీ హెహిర్ ఫిడేలు ఎత్తుకున్నాడు. కమాను నాలుగుసార్లు లాగాడో లేదో, నా చేతిలో టీ కప్పు కింద పడింది.

అక్కా, అది అమ్మ వరస. నాన్న పడవ తిరిగిరాని చలికాలం అమ్మ తన కాన్సర్టీనా పెట్టె తిత్తి లాగుతూ కట్టుకున్నది. పొయ్యి ముందు తలుపు మూసుకుని మనిద్దరికీ తప్ప ఎవరికీ వినిపించనిది. "బయటికి పోనివ్వకండే, ఇది మన ముగ్గురిదీ" అన్న వరస. అది అయ్యాక రేడియో ఆయన అన్నాడు: "ఇది మలాకీ హెహిర్ స్వయంగా కట్టిన వరస. పేరు, హెహిర్ వరస."

అమ్మ పోయి మూడు నెలలు కూడా నిండలేదు.

పెళ్ళయిన కొత్తలో ఒకే ఒక్కసారి మా ఆయనకు దాన్ని వాయించి వినిపించాను. ఆయనా మలాకీ పక్కపక్కన కూర్చుని వాయిస్తారు. ఇక ఎలా బయటికి పోయిందో వేరే చెప్పాలా? ఎనిమిది రోజులుగా ఆయనతో మాట్లాడడం లేదు. బంగాళాదుంపలు పళ్ళెంలో పెట్టి పక్కకు తిరుగుతున్నాను. "ఏమైందే, పంటి నొప్పా?" అంటారు. పంటి నొప్పట!

నువ్వు ఎవరికీ వినిపించలేదు కదా? అడగకూడదు గానీ అడిగాను.

చదివి పొయ్యిలో పడెయ్.

నీ చెల్లెలు
డీలియా

*

కొవెంట్రీ,
26 జనవరి 1958

చెల్లీ,

ఆస్పత్రి లాండ్రీలో ఈ వారమంతా రెండు పూటలా డ్యూటీ పడింది. అందుకే ఆలస్యం. ఆవిరికి నా చేతులు ఉడికిన బంగాళాదుంపల్లా ఉన్నాయి. మా ఇల్లుగలావిడ చచ్చినా రెండో బొగ్గుముక్క వెయ్యదు. కోటు వేసుకునే రాస్తున్నాను.

టొమాస్ మీద కోపం పెట్టుకోకు. అతను అలాంటివాడు కాదు. వరస అన్నది గాలిలో పోయేది, ఎవరో ఒకరి చెవిన పడుతుంది. రేడియో వాళ్ళు పేర్లు తప్పు చెప్పడం కూడా మామూలే. ఇంత చిన్నదానికి ఇంటాయనతో మాటలు మానేస్తారా ఎవరైనా?

మీ ఊరి కబుర్లు రాయి. మలాకీ కొత్త కోటు కొన్నాడట, నిజమేనా? నీ పెళ్ళికి వచ్చినప్పుడు చూశానుగా, పాత కోటు మోచేతుల దగ్గర మరీ చిరిగిపోయి ఉండేది.

విన్నీ

*

క్లూనమోర్,
16 ఫిబ్రవరి 1958

అక్కా,

తప్పులు చూడకు. ఒక్క గుక్కలో రాసేస్తున్నాను.

మా ఆయనకూ నాకూ మాటలు కలిశాయి. పోయిన నెలాఖరున పబ్బులో మలాకీ ఆ వరస ఎత్తుకుంటే అందరూ కలిశారట. మా ఆయన ఒక్కరే ఫ్లూటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారట. ఇంటికొచ్చి, "అది మీ అమ్మది కదే, నేనెలా వాయిస్తాను?" అన్నారు. నాలుగు వారాలు ఆ మనిషి నా మూతివిరుపులతో అన్నం తిన్నాడు. ఆ పాపం కూడా మలాకీ ఖాతాలోదే.

మంగళవారం టీపొడి కోసం కోరీ వాళ్ళ కొట్టుకు వెళ్ళాను. కొట్టు వెనకే బారు కదా, తలుపు తెరిచి ఉంది. మలాకీ నలుగురితో నిలబడి తాగుతున్నాడు. అవును, కోటు కొత్తదే. ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, గుమ్మంలో నిలబడి అడిగాను.

"ఆ వరస మా అమ్మది. అమ్మ పేరు ఎందుకు చెప్పలేదు?"

అతను గ్లాసు కింద కూడా పెట్టలేదు. "ఓహో, టొమాస్ పెళ్ళానికి నోరుందిరోయ్! ఏమ్మా, మీ అమ్మ పెట్టె పడితే కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసేవటగా?"

నలుగురూ నవ్వారు.

"ఐర్లండంతా విన్నది, అది నాదని. నువ్వు కాదంటే వినేదెవరు? గుమ్మం దగ్గర కోళ్ళా? పో, ఇంటికెళ్ళి వాటితో చెప్పుకో."

టీపొడి కొనకుండానే వచ్చేశాను. దారంతా ఏడుపు రాలేదు. దానికే నాకు భయమేసింది.

అత్తగారికి చెప్పాను. వెన్న చిలుకుతున్నదల్లా చేతులు తుడుచుకుని, "హెహిర్ల ఇంట్లో ఇది కొత్తా?" అని పాత కథ చెప్పింది. జమీందారు రైతుల్ని ఇళ్ళలోంచి ఈడ్చేసిన రోజుల్లో హోనన్ అనే విధవరాలిని, ఆమె బిడ్డల్ని బయటికి గెంటారట. అలా ఖాళీ అయిన పొలాన్ని మనిషన్నవాడు ఎవడూ ముట్టుకోకూడదని ఊరి కట్టు. మలాకీ తాత ముట్టుకున్నాడు. ఆ సాయంత్రమే ఆ ఇంట్లో దూరి, పొయ్యి మీద ఆమె బిడ్డల కోసం కాచిన జావ ఇంకా వెచ్చగా ఉంటే, కూర్చుని తాగేశాడట. ఊళ్ళో ఎవరో దాని మీద ఎగతాళి పాట కట్టారు. "కుండ ఇంకా వెచ్చగుందా హెహిరూ, జావ తియ్యగుందా హెహిరూ." పేరు వెచ్చని కుండ. ఈ చుట్టుపక్కల అందరికీ వచ్చు. కానీ ఇరుగుపొరుగున బతకాలి కదా, హెహిర్ అన్నవాడి చెవిన పడేచోట ఎవరూ దాన్ని వాయించరు, కూనిరాగం కూడా తియ్యరు. డెబ్బై ఏళ్ళుగా అదే మర్యాద. ఆవిడ గొంతు తగ్గించి పాడి వినిపించింది. వరస మాత్రం బంగారం అక్కా.

అంతే సంగతులు. నేనేం చేయగలను? అమ్మ పెట్టె బయటికి తీశాను. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని కాసేపు వాయించుకుంటున్నాను.

కాల్చడం మరిచిపోకు.

డీలియా

*

కొవెంట్రీ,
2 మార్చి 1958

చెల్లీ,

కోపం వదిలేసి పెట్టె పట్టుకున్నావు. ఎంత హాయిగా అనిపించిందో! వాయించు, మనసు తేలికపడుతుంది. మలాకీ తాగిన మైకంలో అన్న మాటలు పట్టించుకోకు. మగవాళ్ళు నలుగురిలో ఒకలా ఉంటారు, విడిగా ఇంకోలా ఉంటారు. ఈస్టర్ అయ్యాక నీకో మంచి వార్త చెప్తాను, ఇప్పుడు అడగొద్దు.

తలగుడ్డ పంపుతున్నాను, నీలం రంగుది. దాన్నైనా మీ అత్తగారికి దొరకనివ్వకు.

విన్నీ

*

క్లూనమోర్,
30 మార్చి 1958

అక్కా,

ఈ ఉత్తరంలో తప్పులు ఎక్కువే ఉంటాయి. సంతోషంగా ఉన్నప్పుడు నాకు రాయడం ఇంకా రాదు.

నేను కోపం వదిలేశాననుకున్నావు. లేదు. ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఇక చెప్పకుండా ఉండలేను.

మలాకీ రోజూ ఎనిమిదిన్నరకు పాలబండితో మా కంచె పక్కనుంచే వెళ్తాడు. ఆ వేళకు కిటికీ తెరిచి వెచ్చని కుండ వాయించడం మొదలుపెట్టాను. అమ్మ వాయించే తీరులో, అమ్మ గమకాలు వేసి, ఇదీ అమ్మదే అనుకునేలా, నెమ్మదిగా, నాలో నేను ఏడుస్తున్నట్టు. సగంలో ఆపేసేదాన్ని. అత్తగారు గుమ్మంలో దుంపలు తొక్కతీస్తూ కాపలా. ఇంకెవరైనా వస్తుంటే దగ్గుతుంది, నేను ఆపేస్తాను. ఆవిడకు ఇంత సరదా ఉంటుందని రెండేళ్ళలో నాకు తెలియదు. "ఆపకే, చేప గాలం చుట్టూ తిరుగుతోంది" అంటుంది దుంప మీంచి తల ఎత్తకుండా.

నాలుగో రోజు బండి చప్పుడు కంచె దగ్గర ఆగిపోయింది. ఆకుల పైన టోపీ ఒక్కటే కనిపించింది. ఐదో రోజు బండి లేకుండానే వచ్చాడు. రెండుసార్లు వింటే చాలు, ఏ వరసనైనా ఇంటికి పట్టుకుపోతాడని పేరు కదా. సగం సగమే ఇస్తూ వచ్చాను. ఉపవాసాలకు ముందు మంగళవారం మొత్తం ఇచ్చేశాను. మర్నాటి నుంచి ఈస్టర్ దాకా లెంటు. నలభై రోజులు ఊళ్ళో ఫిడేళ్ళన్నీ గోడకు వేలాడాల్సిందే. కాబట్టి ఎక్కడా వాయించి చూసుకోలేడు, ఎవరూ అతన్ని హెచ్చరించలేరు. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన మొహంలో ఏదీ దాగదు.

ఈస్టర్ తరవాతి బుధవారం, తొమ్మిదో తేదీన, రేడియో వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. ఈసారి ముందుగా పట్టుకుపోవడం లేదట, వాయిస్తుండగానే దేశమంతా వింటుందట. మలాకీ కొత్త వరస కట్టానని ఇప్పటికే చెప్పుకు తిరుగుతున్నాడు. అమ్మది దొంగిలించిన చేత్తోనే తాత పరువు తానే తీస్తాడు.

దీన్ని తప్పకుండా కాల్చెయ్. మిగతావి కాల్చకపోయినా ఇది కాల్చెయ్.

డీలియా

*

కొవెంట్రీ,
4 ఏప్రిల్ 1958, గుడ్ ఫ్రైడే

డీలియా,

వద్దు. ఈ ఉత్తరం అందగానే అతనికి ఎలాగైనా చెప్పి ఆ వరస వాయించకుండా ఆపు. ఎందుకో చెప్తాను. చదివి నన్ను తిట్టుకో, కానీ ఆపు.

అమ్మ వరస మలాకీకి ఇచ్చింది నేను.

నీ పెళ్ళికి వచ్చి మూడు వారాలున్నాను కదా. సాయంత్రాలు మీ వెనక గోడ దగ్గరికి మలాకీ వచ్చేవాడు. మూడు సాయంత్రాలు నేను కూనిరాగం తీస్తే అతను ఫిడేలు మీద పట్టుకున్నాడు. పేరు అడిగితే, మా అమ్మ హానా పేరే పెట్టాలన్నాను. పెడతానన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. అప్పటి నుంచి మా మధ్య ఉత్తరాలు నడుస్తున్నాయి. మే నెలలో ఇక్కడికి వస్తాడు, పెళ్ళి చేసుకుంటాం. నేను చెప్తానన్న మంచి వార్త అదే. రేడియోలో పేరు గురించి నేనూ అడిగాను. ఆ డబ్లిన్ వాడే తప్పు చెప్పాడని రాశాడు. నిజమో కాదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. నాకు ముప్పై రెండేళ్ళు డీలియా. రోజుకు నాలుగొందల దుప్పట్లు మడతపెడతాను.

దేశమంతా వింటుండగా అతన్ని అలా నిలబెడితే, మన ఇంటి అల్లుడిగా ఇంకెప్పుడైనా వస్తాడా? అతనికే రాద్దామని కాగితం తీశాను. రాస్తే నిన్ను అప్పగించినట్టే అవుతుంది. అందుకే అతనికి రాయలేదు, నీకే రాస్తున్నాను. నిన్ను నమ్మి రాస్తున్నాను.

రేపు పొద్దున్నే నా చేత్తో పోస్టు చేస్తాను. బుధవారం లోపు నీకు అందాలి.

విన్నీ

*

క్లూనమోర్,
13 ఏప్రిల్ 1958

అక్కా,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. పండగ సెలవుల వల్ల కాబోలు. అప్పటికే అంతా అయిపోయింది. ఏం రాయాలో తెలియక రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఆ రోజు ఆడవాళ్ళను కూడా బారులోకి రానిచ్చారు. సాయంత్రం ఏడు గంటలకు ఇంకా ఎండ ఉంది. రేడియో ఆయన తీగలన్నీ పరిచి, ఎర్ర దీపం వెలిగితే మాటలన్నీ దేశమంతా వెళ్తాయని, ఎవరూ దగ్గకూడదని చెప్పాడు. అత్తగారు నన్ను చూసింది. నేను నేలను చూశాను.

రెండు మూడు వరసలు అయ్యాక మలాకీ లేచాడు. "ఈ చలికాలం నేనే కట్టిన కొత్త వరస ఇది. ఇంతవరకు ఏ మనిషీ వినలేదు. దీనికి హెహిర్ వారి పొలం అని పేరు పెట్టాను." అక్కా, ఆ పేరు నేను పెట్టింది కాదు. ఒట్టు.

వాయించాడు. దాచుకోవడమెందుకు, చాలా బాగా వాయించాడు. మొదటి చుట్టు అంతా ఎవరూ కలవలేదు. ముసలి డిన్నీ ఫ్లూటు పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. తెలిసిన వరసైతే కలుస్తారు, తెలియనిదైతే చేతులు కట్టుకుని వింటారు. మన మర్యాద అదే కదా. రెండో చుట్టు మొదలవగానే డిన్నీ పక్కవాడితో అన్నాడు, "మనం ఎత్తుకోలేదుగా, వాడే ఎత్తుకున్నాడు." అని ఫ్లూటు మూతికి పెట్టుకున్నాడు. ఇంకో ఫిడేలు కలిసింది. ఇంకో ఫ్లూటు. చివరికి పక్క ఊరి నుంచి వచ్చిన గొర్రెల వ్యాపారి కూడా బల్ల మీద స్పూన్లతో. ఏ మనిషీ వినని వరసను గదిలో ప్రతి మనిషీ వాయిస్తున్నాడు.

మలాకీ మొహం చూడాల్సింది. ఎర్ర దీపం వెలుగుతోంది, ఆపలేడు. మూడో చుట్టులో అత్తగారు గొంతెత్తింది: "కుండ ఇంకా వెచ్చగుందా హెహిరూ!" ఆడవాళ్ళంతా అందుకున్నారు.

అయ్యాక రేడియో ఆయన అయోమయంగా, "ఇది కొత్త వరస అన్నారు కదా?" అన్నాడు.

"కొత్తదే సార్, డెబ్బై ఏళ్ళ కిందట" అన్నాడు డిన్నీ.

మలాకీ ఫిడేలు పెట్టెలో కూడా పెట్టుకోలేదు, చేత్తోనే పట్టుకుని బయటికి పోయాడు. కమాను కుర్చీ కిందే ఉండిపోయింది. రేడియో ఆయన కంగారుగా ఇంకేదైనా వాయించమన్నాడు. అమ్మ పెట్టె నా కోటు కింద ఉంది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని ముందుకు తోశారు. ఎప్పుడూ ఇరుక్కునే ఆ మీట మళ్ళీ ఇరుక్కుంది. అయినా చివరిదాకా వాయించాను. పేరు అడిగితే నా గొంతు బాగానే పలికింది. హానా కాన్సిడైన్ వరస.

నీ సంగతి ముందే తెలిసి ఉంటే బాగుండేది. ఈ ఉత్తరం కాల్చెయ్ అక్కా.

డీలియా

*

కొవెంట్రీ,
20 ఏప్రిల్ 1958

డీలియా,

ఇక్కడ మన ఊరివాళ్ళు ఒకరి రేడియోలో విన్నారు. లాండ్రీలో కూడా పాడుకుంటున్నారు. మలాకీ నుంచి నాలుగు ముక్కలు వచ్చాయి. "మీ ఇంటి గుమ్మం తొక్కే మొహం నాకు లేదు. ఇక రాయకు." అంతే.

నువ్వు కాల్చమన్నవేవీ నేను కాల్చలేదు. అమ్మ పోయాక నాకు మిగిలినవి నీ రాతలే కదా అని దాచుకున్నాను. ఆ మార్చి ఉత్తరం మాత్రం ఇప్పుడు నా దగ్గర లేదు. మలాకీకి పంపేశాను. ఎవరు చేశారో తెలుసుకోనీ. ఊరందరికీ చూపించుకోనీ.

ఇంకో మాట. శనివారం పొద్దున్న ఏడు గంటలకు నా చేత్తో పోస్టు చేశాను. ఏ పండగ వచ్చినా నా ఉత్తరం నీకు చేరడానికి ఆరు రోజులు ఎప్పుడూ పట్టలేదు.

విన్నీ

*

క్లూనమోర్,
27 ఏప్రిల్ 1958

విన్నీ అక్కకు,

నా రాతకు ఈసారి క్షమాపణ అడగను. నిదానంగా, నా చేతనైనంత బాగా రాస్తున్నాను.

నా ఉత్తరం మలాకీకి చేరింది. నిన్న అతను దాన్ని పబ్బుకు తెచ్చి, నేనెంత మాయలాడినో అందరికీ తెలియాలని నిలబడి చదివాడు. నా అక్షరాలకు తడబడుతూ, తన టోపీ కంచె మీద కనిపించిన దగ్గర నుంచి, అమ్మది దొంగిలించిన చేత్తోనే అన్న దాకా, అంతా తన నోటితోనే చదివాడు. వాళ్ళు నవ్వేదాకా తను చదువుతున్నదేమిటో అతనికి తెలియలేదట. తరవాత డిన్నీ, "మా చెవిటి గేబ్రియల్‌కు వినపడలేదు, ఇంకోసారి చదవరా నాయనా" అన్నాడట. మా ఆయన నవ్వలేదు. ఇంటికొచ్చి, "నాకెందుకు చెప్పలేదే?" అన్నారు.

నీ ఉత్తరం శుక్రవారం రాలేదు. బుధవారం పొద్దున్న పదిన్నరకు వచ్చింది. పోస్ట్‌మాన్ కిట్ నా చేతికే ఇచ్చాడు. గుమ్మంలో నిలబడి ఒకసారి చదివాను. లోపలికి వెళ్ళి, పొయ్యి పక్కన ఇంకోసారి చదివాను. సాయంత్రం ఏడు దాకా టైము ఉంది. మలాకీ పొలం మా ఇంటికి పావుగంట నడక.

నేను వెళ్ళలేదు.

అక్టోబరులో అమ్మ చివరి వారం నేనే పక్కన ఉన్నాను. మాట పడిపోయాక కూడా దుప్పటి మీద వేళ్ళతో ఆ వరసే వాయించుకునేది, మీటలు ఉన్నట్టే నొక్కుతూ. అది ఇంకా ఇంట్లోనే ఉందని, మన ముగ్గురి దగ్గరే ఉందని అనుకుంటూ పోయింది. అప్పటికి నువ్వు దాన్ని గోడ మీదుగా ఇచ్చేసి ఏడాది దాటింది. జనవరిలో నేను అడిగాను, వినిపించలేదు కదా అని. నువ్వు కోటు గురించి రాశావు. నీ మూలంగా నేను నా మొగుడితో నాలుగు వారాలు మాట్లాడలేదు.

మలాకీ మే నెలలో వచ్చేవాడేమో. నాకు తెలియదు. తెలుసుకోవాలని ఆ పొద్దున నాకూ అనిపించలేదు. నీ ఉత్తరం మడిచి రవికలో పెట్టుకున్నాను, పైన కోటు వేసుకున్నాను, దాని కింద అమ్మ పెట్టె పట్టుకున్నాను. నేను వాయిస్తున్నంతసేపూ తిత్తి సాగినప్పుడల్లా ఆ కాగితం గరగరమంది.

మిగతా ఉత్తరాలు నీకు ఇష్టమైతే ఉంచుకో, ఎవరికి కావాలంటే వాళ్ళకు పంపు. అవి మలాకీ మీద రాసినవి. ఇది ఒక్కటి కాల్చెయ్. ఇది నీ మీద రాసింది.

డీలియా